చిన్నాయన రాజపూజ్యం

మా ఇంట్లో ఉగాది పచ్చడి తినేది కాదు, తాగేది. కొత్త కుండలో చింతపండు పులుసు పోసి, బెల్లం కరిగించి, మామిడికాయ సన్నగా తరిగి వేసేవాళ్ళు. వేపపువ్వు రెక్కలు దులిపి చల్లి, పైన కొబ్బరి ముక్కలు, గుప్పెడు పుట్నాల పప్పు. గ్లాసులో పోసుకుని గటగటా తాగడమే. గుంటూరు వైపు నుంచి వచ్చిన మా పక్కింటివాళ్ళు చెంచాతో అరచేతిలో పెడితే, పచ్చడంటే ఇంతేనా అనిపించేది నాకు. మా గ్లాసులు చూసి వాళ్ళూ అలాగే నవ్వుకునేవాళ్ళు. పచ్చడి తర్వాత బక్షాలు, బక్షాల మీద కరిగిన నెయ్యి, అవి అయ్యాక పంచాంగం. ఆ వరస తప్పితే నాయనమ్మ ఊరుకునేది కాదు.

నాయనమ్మకు చదువు రాదు. నాన్న పంచాంగం తెరిచి ఆదాయం, వ్యయం చదవబోతే చేత్తో ఆపేసేది. "పైసల సంగతి తర్వాత. మావోనికి రాజపూజ్యం ఎంతుంది, అవమానం ఎంతుంది, గది చెప్పు ముందు" అనేది. మావోడు అంటే మా చిన్నాయన. నాన్నది గవర్నమెంటు నౌకరీ. ఒకటో తారీఖు జీతం వచ్చే మనిషికి పంచాంగంతో పనేముందని ఆమె లెక్క. చిన్నాయనది మాత్రం సొంత దందా. హైదరాబాద్ నల్లకుంటలో, ఫీవర్ హాస్పిటల్ దాటాక, మెయిన్ రోడ్డు మీద ఎస్టీడీ బూత్, అంటే పైసలిచ్చి దూరపు ఊళ్ళకు ఫోన్ చేసుకునే దుకాణం.

1990ల మొదట్లో ఇంటికి ఫోన్ కావాలంటే అప్లికేషన్ పెట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. కాబట్టి పసుపు బోర్డు మీద నల్లటి అక్షరాలతో ఎస్టీడీ, ఐఎస్‌డీ, పీసీఓ అని రాసి ఉన్న దుకాణం ముందు ఎప్పుడూ నలుగురు నిలబడి ఉండేవాళ్ళు. చిన్నాయన బూత్‌లో రెండు అద్దాల గదులు. ఒక్కోదాంట్లో ఒక ఫోన్, ఒక చిన్న ఫ్యాన్, ఎదురుగా ఎర్ర అంకెల మీటర్. అవతల ఫోన్ ఎత్తగానే మీటర్ కదిలేది. ఎంత దూరం చేస్తే అంత వేగంగా అంకెలు మారేవి. లోపల నిలబడినవాళ్ళు మాట్లాడేది తల్లితో అయినా, పెళ్ళాంతో అయినా, కళ్ళు మాత్రం మీటర్ మీదే. ఫోన్ పెట్టగానే కౌంటర్ మీది ప్రింటర్ కిర్రుమంటూ వేలెడంత బిల్లు కక్కేది.

పగలు పూర్తి చార్జీ, పొద్దుగూకితే సగం, రాత్రి 11 దాటితే పావు. అందుకే ఊరంతా పడుకునే వేళకు చిన్నాయన వ్యాపారం ఊపందుకునేది. యూనివర్సిటీ హాస్టళ్ళ నుంచి కుర్రాళ్ళు విద్యానగర్ మీదుగా నడిచి వచ్చి అరుగు మీద వరసగా కూర్చునేవాళ్ళు. పల్లెటూరి పిల్లలకు ఆ సుఖం కూడా లేదు. వాళ్ళ ఊళ్ళో ఫోన్ ఉండేది సర్పంచ్ ఇంట్లోనో, ఎరువుల దుకాణంలోనో. అర్ధరాత్రి వాళ్ళను లేపలేరు కదా. ఆదివారం పగలే వచ్చి, "మా అమ్మను పిలవండన్నా, మళ్ళీ చేస్తా" అని ఒక్క ముక్క చెప్పి టక్కున పెట్టేసేవాళ్ళు. తర్వాత ఆ తల్లి పొలం నుంచో, ఇంటి నుంచో వచ్చేదాకా బయట నిలబడి గోళ్ళు కొరుక్కునేవాళ్ళు. మీటర్ తిరుగుతుండగా మనిషి కోసం ఆగే స్తోమత ఎవరికుంది?

మా గల్లీకి కూడా చిన్నాయన బూతే ఫోన్. ఆ రోజుల్లో నంబర్ పక్కన పీపీ అని రాసుకునేవాళ్ళు, అంటే పక్కవాళ్ళ ఫోన్ అని. మా గల్లీలో అచ్చయిన పెళ్ళి పత్రికల్లో సగానికి పైగా ఆ పీపీ నంబర్ చిన్నాయనదే. అందువల్ల పసుపు పెట్టిన మొదటి పత్రిక దేవుడికి, రెండోది ఆయనకు. ఫోన్ మోగితే బూత్‌లో పనిచేసే పిల్లాడు పరుగెత్తి వెళ్ళి పిలుచుకొచ్చేవాడు. కాన్పు అయినా, వీసా వచ్చినా, ముసలాయన పోయినా, ఇంటివాళ్ళ కంటే ముందు తెలిసేది చిన్నాయనకే. చావు కబురైతే ఆ పిల్లాణ్ణి పంపేవాడు కాదు. షట్టర్ సగం దించి తానే వెళ్ళేవాడు. మంచి కబురైతే సాయంత్రానికి స్వీట్ డబ్బా వచ్చేది. కౌంటర్ మీద అదెప్పుడూ మూత తెరిచే ఉండేది. స్కూల్ వదలగానే మా కాళ్ళు అటే లాగేవంటే మరి లాగవా?

రంజాన్ నెల అప్పట్లో చలికాలంలో పడేది. చంద్రుడి లెక్క కాబట్టి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ, సుమారు 33 ఏళ్ళకు మళ్ళీ అదే కాలానికి వస్తుంది. 1998లో, 1999లో డిసెంబర్ చలిలో వచ్చింది. రాత్రి నమాజ్ అయ్యాక జెడ్డాకో, దుబాయ్‌కో ఫోన్ చేసుకునేవాళ్ళతో బూత్ కిటకిటలాడేది. ఆ సందట్లోనే ఎవరో ఒకరు హలీమ్ తెచ్చేవాళ్ళు. గోధుమలు, మాంసం గంటల తరబడి ఉడికి, కర్రలతో కలిపి కలిపి ఏది గోధుమో ఏది మాంసమో తెలియకుండా అయిపోయిన ఆ ముద్ద మీద వేయించిన ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మకాయ. 2010లో జీఐ, అంటే ఫలానా ఊరిదేనన్న గుర్తింపు వచ్చి ఊరూరా బోర్డులు వెలిసిన హలీమ్ ఇదే. అప్పుడు మాత్రం అది చిన్నాయన కౌంటర్ వెనక నిలబడి తినేది. కూర్చుంటే ఎవరో ఒకరు చిల్లర అడుగుతారని ఆయన భయం.

ఫోన్ చేసుకోవడానికి వచ్చే వాళ్ళలో ఒకావిడను మేమంతా ఖాలా అనేవాళ్ళం. భర్త జెడ్డాలో డ్రైవర్. ఐఎస్‌డీ మీటర్ తిరిగే వేగానికి ఆమె మాట్లాడేది తక్కువ, ఏడ్చేది ఎక్కువ. బయటికి వచ్చి కొంగు ముడి విప్పితే చిన్నాయన నోట్లు మాత్రం తీసుకుని చిల్లర వదిలేసేవాడు. ఈద్ రోజు పొద్దున్నే ఆమె ఇంటి నుంచి స్టీలు డబ్బాలో షీర్ ఖుర్మా వచ్చేది. పాలలో మెత్తబడ్డ ఖర్జూరం ముక్కల కోసం మేము కొట్టుకునేవాళ్ళం, సేమియా ఎవరికి కావాలి!

బూత్ బాగా నడిచినన్నాళ్ళూ ఎండాకాలంలో మామిడిపండ్లు మేము కొన్న గుర్తు లేదు. అవే వచ్చేవి. ఫ్యాక్స్ కాగితం అమ్మే ఆయన ఒక పెట్టె, టెలిఫోన్ సామాను డీలర్ ఒక పెట్టె, పక్క ఖాళీ స్థలం అద్దెకు కావాలని తిరిగే ఆయన ఇంకో పెట్టె. గడ్డిఅన్నారం మార్కెట్ నుంచి ఆటోలో దిగేవి, చెక్క పెట్టెలో వరిగడ్డి, గడ్డి మధ్య బంగినపల్లి. పై వరస ముందు పండుతుంది, కింది వరస వారం తర్వాత. నాయనమ్మ రోజూ గడ్డిలో చెయ్యి పెట్టి తడిమి, మెత్తబడ్డవి తీసి మాకు పంచేది. టెంక ఎవరికన్నది పెద్ద పంచాయితీ. పెట్టె మీద ఎప్పుడూ చిన్నాయన పేరే, మార్కర్‌తో లావుగా రాసి ఉండేది. ఇంటి పెద్ద కొడుకు నాన్న అయినా ఆయన పేరు మీద పెట్టె రాగా నేను చూడలేదు. నాన్న దానికేమీ అనుకునేవాడు కాదు. పండు మాత్రం అందరికంటే ముందు ఆయనకే కావాలి.

రాబడి బాగుందనుకున్న రాత్రి చిన్నాయన మమ్మల్ని చేతక్ స్కూటర్ మీద కుక్కి మొజంజాహీ మార్కెట్‌కు తీసుకుపోయేవాడు. ఎండాకాలం మామిడి ఐస్‌క్రీమ్, చలికాలం మొదట్లో సీతాఫలం ఐస్‌క్రీమ్. మృగశిర కార్తె నాడు చేపలు తెచ్చేదీ ఆయనే. జూన్ 8 ప్రాంతంలో వస్తుంది కదా, ఆ పొద్దున రాంనగర్ మార్కెట్‌లో అడుగు పెట్టడానికి చోటుండదు. ఉన్నదాంట్లో పెద్ద కొర్రమట్ట పట్టుకొచ్చేవాడు. చేప ముట్టని నాయనమ్మ ఇంగువ, బెల్లం కలిపి చిన్న ఉండ చేసుకుని మింగేది. ఒళ్ళు వెచ్చగా ఉండాలని. మాకు రెండూ పెట్టేవాళ్ళు.

1999లో చిన్నాయన పెద్ద కూతురి పెళ్ళి. ఫంక్షన్ హాల్, బగారా అన్నం, మటన్, ఖుబానీ కా మీఠా. బంతి మీద బంతి లేచింది. వచ్చినవాళ్ళు ముందు చిన్నాయన ఎక్కడున్నాడో వెతికి, ఎదురుపడి, చేయి కలిపి, ఆ తర్వాతే విస్తరి ముందు కూర్చునేవాళ్ళు. పెళ్ళికొడుకును చూడకుండా వెళ్ళినవాళ్ళున్నారేమో కానీ చిన్నాయనకు కనిపించకుండా వెళ్ళినవాళ్ళు లేరు. సారె సకినాలు చుట్టడానికి గల్లీ ఆడవాళ్ళంతా పిలవకుండానే వచ్చారు. ఆ ఏడు ఉగాదికి నాయనమ్మ రాజపూజ్యం అంకె విని, "గింతేనా, పంతులు తక్కువ రాసిండు" అంది.

సెల్‌ఫోన్ వచ్చిన కొత్తలో చిన్నాయనకు టెన్షన్ ఏమీ లేదు. సెల్‌లో ఇటునుంచి చేసినా, అటునుంచి వచ్చిన ఫోన్ ఎత్తినా డబ్బులు కట్టాల్సిందే. 1995లో దేశంలో సర్వీసు మొదలైనప్పుడు నిమిషానికి 16 రూపాయల దాకా పడేది. "గది షావుకార్ల బొమ్మ" అని నవ్వేవాడు. తర్వాత ధరలు తగ్గుతూ వచ్చాయి. 2003 మే నుంచి ఇన్‌కమింగ్ ఫ్రీ అయింది. ఆ వేసవి సెలవుల్లో హాస్టళ్ళు ఖాళీ, కాబట్టి బూత్ ఖాళీగా ఉంటే ఎవరికీ అనుమానం రాలేదు. ఎండాకాలం అంతే అనుకున్నాం. జులైలో కుర్రాళ్ళు తిరిగి వచ్చారు. బూత్ ముందు నుంచే నడిచారు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

రెండు గదుల్లో ఒకటి తీసేసి జిరాక్స్ మిషన్ పెట్టాడు. తర్వాత రీచార్జ్ కూపన్లు వేలాడదీశాడు. తన దందాను మింగినదాన్ని తానే అమ్మాల్సి వచ్చింది, పది రూపాయల కూపన్ మీద పైసల కమీషన్‌కు. పెళ్ళి పత్రికల మీద పీపీ నంబర్లు పోయాయి, దాంతో పత్రికలు పోస్టులో రావడం మొదలైంది. కొన్ని రానేలేదు. నన్నడిగితే ఆయన మనసుకు ఎక్కువ తగిలింది అదే. రాబడి పోవడం గురించి ఎన్నోసార్లు మాట్లాడాడు కానీ పత్రికల గురించి ఒక్కసారి కూడా ఎత్తలేదు. మనిషి దేని గురించి మాట్లాడడో అక్కడే చెయ్యి పెడితే నొప్పి తెలుస్తుంది.

మామిడిపండ్ల పెట్టెలూ ఆగిపోయాయి. అందుకు నేను ఎవర్నీ తప్పుపట్టను. ఫ్యాక్స్ కాగితం అమ్మే ఆయన ఎవరికి పంపుతాడు? ఫ్యాక్స్ పోయింది, ఆయనా పోయాడు, ఉప్పల్ దగ్గర ఎక్కడో కిరాణా కొట్టు పెట్టాడని విన్నాం. టెలిఫోన్ సామాను డీలర్ దుకాణం కూడా మూతబడింది. పెట్టెలు పంపినవాళ్ళూ, అందుకున్నవాళ్ళూ ఒకే ఏడు మునిగారు. చుట్టాలు ఇదంతా పట్టించుకోకుండా "ఎండాకాలం వచ్చింది, ఒక్క పెట్టె రాలే చూసినవా" అని మా అమ్మ దగ్గర సానుభూతి ఒలకబోసేవాళ్ళు. వాళ్ళు తెచ్చింది మాత్రం ఏమీ లేదు.

దసరా అయ్యాక ఒక సాయంత్రం చిన్నాయనతో కాచిగూడ స్టేషన్‌కు వెళ్ళాను, సీతాఫలాల కోసం. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చే రైళ్ళలో ఆడవాళ్ళు గంపలు దించుతారు. బాలానగర్ రకం అంటే మన సిటీ బాలానగర్ కాదు, పాలమూరు జిల్లాలోది. పండు కొనడం కూడా ఒక విద్య. కళ్ళ మధ్య గాడి తెల్లబడి, కొంచెం విచ్చుకుని ఉండాలి. అలాంటి కాయ బియ్యం డబ్బాలో పెడితే రెండో రోజుకు నొక్కకుండానే విడిపోతుంది. గాడి పచ్చగా, మూసుకుపోయి ఉన్న కాయ ఎన్నాళ్ళున్నా నల్లగా గట్టిపడుతుంది తప్ప పండదు. చిన్నాయన ఒక్కోటి తిప్పి చూసి ఏరుతున్నాడు. మాతో వచ్చిన దూరపు చుట్టం ఒకాయన, మా మామ వరస, ఓదార్చడానికి సందు దొరికిందనుకున్నాడు.

"ఏం చేస్తం బావా, దేనికైనా ఒక సీజన్ ఉంటది. గీ సీతాఫలం లెక్కనే. నీ సీజన్ అయిపోయింది, అంతే" అన్నాడు.

చిన్నాయన చేతిలో పండు గంపలో పెట్టేశాడు. "సీతాఫలం వచ్చే ఏడు మళ్ళ వస్తది రా. ఎస్టీడీ బూత్ వస్తదా?"

మామ దగ్గర జవాబు లేదు. గంప ముందు కూర్చున్న ఆవిడ మాత్రం "తీస్కుంటవా, ముచ్చట పెడ్తవా" అంది. చిన్నాయన డజను తీసుకున్నాడు. వరుసగా ఏళ్ళ తరబడి మా ఇంట్లో జనం పలికిన ఓదార్పు మాటలన్నిటికీ అదే సరైన జవాబని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. వేపపువ్వు, చింతచిగురు, ముంజలు, మక్కజొన్న పొత్తులు, రేగుపండ్లు, ఇవన్నీ చెప్పిన వేళకు తిరిగి వస్తాయి. మనిషికి వచ్చిన మంచి రోజుకు అలాంటి ఒప్పందం లేదు. ఏదో ఒకలా కలిపి చెప్పడం మనకు అలవాటు.

2008 సంక్రాంతి తర్వాత చిన్న కూతురి పెళ్ళి. అప్పటికి బూత్ షట్టర్ దించేసి మూడేళ్ళు. సారెకు సకినాలు కావాలి. చిన్నమ్మ కొత్త బియ్యం రాత్రంతా నానబెట్టి, నీళ్ళు ఓడ్చి, తడి ఆరకముందే గిర్నీకి పంపింది. పిండిలో నువ్వులు, వాము, ఉప్పు వేసి కలిపి, నేల మీద ఉతికిన పాత పంచె పరిచింది. ఇక చుట్టడం. పిండి ముద్ద పిడికిట్లో ఉంటుంది. బొటనవేలు, చూపుడువేలు మధ్య నుంచి సన్నగా మెలి తిరుగుతూ దిగాలి. నడుమ చిన్న చుట్టు, దాని చుట్టూ మరొకటి, మరొకటి. చెయ్యి ఆగితే అక్కడ లావవుతుంది, తొందరపడితే తెగుతుంది. మా అమ్మ చుట్టినవి వృత్తలేఖినితో గీసినట్టు వచ్చేవి. చుట్టిన వాటిని ఆరనివ్వాలి, తడి మీదే నూనెలో వేస్తే పేలి మొహం మీదికి చిందుతాయి.

ఈసారి చుట్టడానికి వచ్చిన గల్లీవాళ్ళు తక్కువ. సగం మంది ఇళ్ళు అమ్ముకుని అపార్ట్‌మెంట్లకు వెళ్ళిపోయారు, వాళ్ళనూ ఏమనలేం. ఖాలా వచ్చింది. భర్త జెడ్డా నుంచి వచ్చేశాడు, ఆమెకు ఫోన్‌తో పనిలేదు, అయినా ఏ ఈద్‌కూ షీర్ ఖుర్మా డబ్బా మానలేదు. సకినం చుట్టడం మాత్రం ఆమెకు జన్మలో రాలేదు. గుండ్రంగా మొదలుపెట్టిన చుట్టు కోడిగుడ్డయి, చివరికి ఏదో అయ్యేది. ఆమె నవ్వుతూ పిండి మళ్ళీ ముద్ద చేయబోతే చిన్నాయన ఒప్పుకోలేదు. "ఉండనీ, గవి గూడ డబ్బాల పెట్టుండ్రి. వియ్యంకులకు తెలవాలె, చేత్తో చేసినమని" అన్నాడు. నిజంగానే పెట్టారు. ఆ పెళ్ళి గుడిలో జరిగింది, భోజనాలు రెండు బంతుల్లో అయిపోయాయి. అందరూ పెళ్ళికూతురి దగ్గరికి వెళ్ళి అక్షింతలు వేశారు. ఒడిబియ్యం పోసేటప్పుడు చిన్నమ్మ చేతులు వణికాయి, పసుపు బియ్యం కొంచెం నేల మీద పడ్డాయి, ఖాలా ఏరి ఒళ్ళో వేసింది.

నాయనమ్మ ఇప్పుడు లేదు. బూత్ ఉన్న చోట కర్రీ పాయింట్ నడుస్తోంది, సాయంత్రం ఏడు దాటితే అక్కడ కూడా లైనే. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారం వెళ్ళిపోయింది. చిన్నాయన రేషన్ బియ్యం నుంచి అల్లం దాకా అన్నీ తానే తెచ్చుకుంటాడు, మోకాళ్ళు సహకరించినప్పుడు. ఎవరైనా సెల్‌ఫోన్‌లో గంట సేపు మాట్లాడుతుంటే ఉండబట్టక "మీటర్ తిరుగుతుంది" అంటాడు.

పెద్ద కూతురి కొడుకు మణికొండలో ఉంటాడు. ఈ మధ్యే మేనేజర్ అయ్యాడు. మొన్న మే నెలలో అందరం వాళ్ళింటికి భోజనానికి వెళితే హాల్లో మామిడిపండ్ల పెట్టె. అట్ట పెట్టె, పైన రంగు కాగితం, పిల్లాడి పేరు అచ్చు వేసిన కార్డు. చిన్నాయన కళ్ళద్దాలు సర్దుకుని ఆ కార్డు చదివాడు.

"ఎవలు పంపిండ్రు రా?"

"వెండర్ తాతా. దీపావళికి డ్రై ఫ్రూట్స్ కూడా పంపాడు."

చిన్నాయన ఒక పండు తీసి తొడిమ దగ్గర వాసన చూశాడు. ఇంకోటి తీసి చూశాడు. పసుపు ఒంటి నిండా ఒకేలా పట్టి ఉంది, నొక్కితే రాయి.

"వాసన లేదు. కార్బైడ్ పెట్టి పండబెట్టిండ్రు. తినకు, కడుపు ఖరాబైతది" అని పెట్టె మూసేసి చెప్పులు తొడుక్కున్నాడు. "పా, మీ గేటు బయట బండి మీద ఏమున్నయో చూసొద్దం."

బండాయన కిలో 150 అన్నాడు. చిన్నాయన 100 అన్నాడు. మనవడు జేబులోంచి ఫోన్ తీసి స్కాన్ చేయబోతే "ఆగు, బేరం కాలే" అని ఆ చెయ్యి కిందికి దించాడు.